ఫసలీ: ఒక అరబ్బీ మాట చరిత్ర

కథలాపూర్, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలలో పాత భూమి కాగితాలను పెట్టెలో భద్రంగా దాచుకొన్న ఇళ్లు చాలా ఉన్నవి. శిస్తు కట్టిన రశీదు, పట్వారీ రాసి ఇచ్చిన నకలు, ఉర్దూలో రాసిన స్టాంపు కాగితం, ఇటువంటివి ఆ పెట్టెలో దొరుకుతవి. వాటి మీద తేదీ తరచుగా ఫసలీ సంవత్సరంలో ఉంటుంది. ‘ఫసలీ 1342’ అన్న అంకెను చూసి, కాకతీయ రాజ్యం పోయిన కొత్తలో పుట్టిన కాగితమా ఇది అని మనుమడు ఆశ్చర్యపడవచ్చు. అది 1932 అక్టోబరు మొదలుకొని 1933 అక్టోబరు వరకు నడిచిన సంవత్సరం.

అదే కట్టలో మరి కొన్ని మాటలు కనిపిస్తవి. భూమి హద్దుల వివరాన్ని చెప్పే భాగానికి ‘తపసీలు’ అని పేరు. తగవు తీరితే ‘ఫైసలా’ అయినదంటారు. హక్కులలో ఏటేటా వచ్చిన మార్పులను ఎక్కించిన రికార్డు ‘ఫైసల్ పట్టీ’. రాజధానికి దూరమైన ఊళ్లను ‘ముఫస్సలు’ అనేవారు. చూడడానికి వేరువేరుగా ఉన్న ఈ మాటలన్నిటికీ తల్లి ఒక్కటే. అరబ్బీలో ఫ–స–ల అనే మూడు హల్లుల ధాతువు ఉన్నది. వేరుచేయుట, విడదీయుట, తెంచుట అని దాని అర్థం. అరబ్బీ మాటలు చాలా వరకు ఇటువంటి మూడు హల్లుల నుంచే పుడతవి. మధ్యలో అచ్చులు మార్చి, ముందో వెనుకో అక్షరం చేర్చి, ఒక్క ధాతువుతో పెద్ద కుటుంబాన్నే నిర్మిస్తారు. విడదీసి చెప్పితే వివరం, అంటే తఫ్సీల్. విడదీసి చెప్పబడినది ముఫస్సల్. న్యాయాన్ని అన్యాయం నుంచి విడదీస్తే తీర్పు, అంటే ఫైసలా. ఊరిని బయటి నుంచి విడదీసే కోటగోడ ఫసీల్. హైదరాబాదు నగర ప్రాకారాన్ని ఉర్దూలో ఈ మాటతోనే పిలుస్తారు.

విజ్ఞానశాస్త్రంలో కూడా ఈ కుటుంబానికి చోటున్నది. ఎముకలు కలిసే కీలును అరబ్బీలో మఫ్సల్ అంటారు. అందుచేత కీళ్లకాళ్ల జంతువులకు, అనగా తేళ్లు, రొయ్యలు, కీటకాలు మొదలైన వాటికి, ఆ భాషలో వాడే శాస్త్రనామం మఫ్సల్ నుంచే తయారయినది. జంతువులను, మొక్కలను వర్గీకరించేటప్పుడు వచ్చే ‘కుటుంబం’ అనే మెట్టుకు ఫసీలా అని పేరు. రక్తపు గ్రూపుకు కూడా అరబ్బీలో అదే మాట.

ఈ ధాతువు నుంచి వచ్చిన నామం ఫస్ల్. అరబ్బీలోనే దీనికి మూడు ముఖ్యార్థాలు ఉన్నవి. ఒకటి విభజన, రెండవది పుస్తకంలోని అధ్యాయం, మూడవది ఋతువు. కీలు, అధ్యాయం, ఋతువు ఒకే ధాతువు నుంచి రావడం వింతగా తోచవచ్చును. కాని తెలుగు పాఠకుడికి ఇది వింత కానక్కరలేదు. చెరకుగడకు, వెదురుకు ఉండే కణుపు పర్వం. మహాభారతంలోని భాగమూ పర్వమే. అమావాస్య, పూర్ణిమల వంటి కాలసంధి కూడా పర్వమే. అదే వాడుకలో పబ్బమయినది. గడను, గ్రంథాన్ని, కాలాన్ని ఒకే మాటతో కణుపులుగా కొలవడం సంస్కృతానికి ఎంత సహజమో అరబ్బీకీ అంత సహజం. ఈ రెండు భాషలకు చుట్టరికం లేదు. మనిషి ఆలోచనకే ఆ పోలిక ఉన్నదనుకోవాలి.

అరబ్బీ దేశాలు దాటిన తరువాత ఫస్ల్ ఒక్కొక్క చోట ఒక్కొక్క బ్రతుకు బ్రతికింది. తురుష్కులు దానిని తమ నోటికి అనువుగా ‘ఫసిల్’ చేసుకొన్నారు. వారికి అది అధ్యాయం. ప్రభుత్వపు బడ్జెట్టులో ఒక పద్దు. అన్నిటికంటె ముఖ్యంగా, ఒకే మకాం మీద వరుసగా వాయించి పాడే సంగీత రచనల గుచ్ఛం. మకాం అంటే మన రాగం వంటిది. కరగోజ్ అనే తోలుబొమ్మలాటలో అసలు కథ నడిచే భాగం పేరు కూడా ఫసిల్. ఇస్తాంబులులో ఎవరైనా ఈ రాత్రి ఫసిల్ ఉన్నదంటే వినేవాడు పాటకచేరీకి తయారవుతాడు గాని పంటపొలం వంక చూడడు. ఋతువుకు తురుష్కులు మరొక అరబ్బీ మాటను, మెవ్‌సిమ్‌ను, వాడుకొన్నారు. ఉర్దూలో మౌసమ్ అయినదీ, ఐరోపా నావికుల నోట మాన్సూన్ అయినదీ అదే. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తురుష్కులు చిక్కుడు జాతి గింజలను ‘ఫసూల్యె’ అంటారు. ధ్వని చూసి అదీ ఫసలు బంధువే అనుకొంటే పొరపాటు. ఆ మాట గ్రీకు నుంచి వచ్చింది. పదాల చరిత్రలో పోలిక ఆధారం కాదు.

పారశీకులు ఋతువు అనే అర్థాన్ని గట్టిగా పట్టుకొన్నారు. సంవత్సరానికి నాలుగు ఫస్లులు అని ఇరానులో చిన్న పిల్లలు కూడా చెప్పుతారు. అధ్యాయమనే అర్థమూ అక్కడ నిలిచింది. రెండు ఊళ్ల నడిమి దూరానికి ఫాసిలె అనే తోబుట్టువును వాడతారు.

మన దేశంలో ఉర్దూ చేతికి వచ్చేసరికి ఋతువు పంటగా మారింది. కవులు ఫస్లె–గుల్ అని పూలకాలాన్ని వర్ణిస్తూనే ఉన్నారు. కాని బజారులోను, కచేరీలోను ఫస్ల్ అంటే చేలో నిలిచిన పంట. ఇది ‘తెంచుట’ అనే మూలార్థం నుంచి, అంటే మన ‘కోత’ వలె, నేరుగా వచ్చిందని కొందరికి తోచవచ్చును. తెలుగులో కోసేదీ కోతే, పంట చేతికి వచ్చేదీ కోతే కదా. కాని ఇక్కడి దారి వేరు. విభజన నుంచి కాలవిభాగం, కాలవిభాగం నుంచి ఆ కాలంలో పండేది, ఇట్లా రెండంచెలుగా అర్థం జరిగింది. తెలుగులో ‘కారు’ అనే మాట సరిగ్గా ఈ రెండవ అంచెనే ఎక్కింది. కారు అంటే కాలం, రెండు కార్లు పండే మాగాణి అన్నప్పుడు కారు పంట. ఉర్దూ సామెతలలో ‘ఫస్లీ బటేర్’ ఒకటి ఉన్నది. పంటకాలంలో మాత్రమే వచ్చి వాలే కౌజుపిట్ట అని మాట. అవసరానికి తగినట్లు కనిపించి మాయమయ్యే మనిషి అని భావం. మన వాళ్లు పబ్బం గడుపుకొనేవాడు అంటారు. ‘ఫస్లీ బుఖార్’ అంటే కాలాన్ని బట్టి వచ్చే చలిజ్వరం, మలేరియా. వానల తరువాత ఆ జ్వరం పెరుగుతుందని జనానికి తెలుసును గాని ఎందుకో తెలియదు. ఆ జ్వరానికి కారణమైన పరాన్నజీవిని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఆనాఫిలిస్ దోమ కడుపులో కనుగొన్నది సికిందరాబాదులోనే.

పంట అన్న అర్థం నుంచి మరొక అడుగు వేసి, ఈ మాట ఒక శకానికి పేరయినది. ఆ అడుగుకు కారణం భాషలో లేదు, ఆకాశంలో ఉన్నది.

ఇస్లామీయ హిజ్రీ సంవత్సరం శుద్ధ చాంద్రమానం. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజుల 9 గంటలు పట్టును. ఋతువులను నడిపించే సౌరసంవత్సరానికి 365 రోజుల 6 గంటలకు కొంచెం తక్కువ. ఏడాదికి దాదాపు 11 రోజుల తేడా. తెలుగు పంచాంగంలో నెలలు చంద్రుని బట్టే నడిచినా, తేడా పేరుకొన్నప్పుడు అధికమాసం వేసి సరిదిద్దుతారు. హిజ్రీలో అధికమాసం లేదు. అందువల్ల దాని నెలలు ఋతువులన్నిటి గుండా తిరుగుతవి. రబీ–ఉల్–అవ్వల్ అనే నెల పేరులో ‘వసంతం’ అనే అర్థమున్నా అది నడి వానాకాలంలోనూ వచ్చును, చలిలోనూ వచ్చును.

మతవిధులకు దీనివల్ల ఇబ్బంది లేదు. ఇబ్బంది శిస్తుకు వచ్చింది. 32 సౌరసంవత్సరాల కాలంలో దాదాపు 33 చాంద్రసంవత్సరాలు గడచిపోతవి. రైతు ఇంటికి వచ్చిన పంటలు 32 ఏళ్లవి. హిజ్రీ లెక్కన అడిగే శిస్తు 33 ఏళ్లది. ఏటా పది రూపాయలు కట్టే రైతు 320కి బదులు 330 చెల్లించవలె. పైగా కట్టవలసిన గడువు ఏటేటా ముందుకు జరిగి, ఒకనాటికి పైరు పచ్చగా ఉండగానే శిస్తు అడిగే పరిస్థితి వచ్చును. అప్పు చేసి శిస్తు కట్టడం, పంట రాగానే ధాన్యమంతా షావుకారుకు కొలవడం, ఈ దురవస్థకు లోభి అయిన అధికారి అక్కరలేదు. తప్పు క్యాలెండరు చాలును.

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. బాగ్దాదు ఖలీఫాలు శిస్తుకు పారశీకుల 365 రోజుల సంవత్సరాన్ని వాడేవారు. అందులో లీపు దినాలు వేయడం మానడంతో ఏటా పావురోజు చొప్పున, 120 ఏళ్లకు ఒక నెల, నవ్‌రోజ్ పండుగ వెనక్కు జరిగింది. శిస్తు నవ్‌రోజుతో ముడిపడి ఉన్నది. ముతవక్కిల్ ఖలీఫా వేటకు పోయి పండని పైరును చూసి, పంట రాకముందే శిస్తు ఎట్లా అడుగుతున్నారని ప్రశ్నించినట్లు అల్–బిరూనీ రాసినాడు. ఆయన మొదలుపెట్టిన సంస్కరణను 895లో ముతజిద్ ఖలీఫా పూర్తిచేసి నవ్‌రోజును జూన్ 11కు జరిపినాడు. ఉస్మానీ తురుష్కులకు ఇదే జబ్బు తలకిందులుగా వచ్చింది. రాబడి సౌరసంవత్సరం లెక్కన వస్తే, సైనికుల జీతాలు చాంద్రమాసాల లెక్కన పోయేవి. 33 ఏళ్లకు ఒకసారి జీతం ఉండి రాబడి లేని సంవత్సరం ఒకటి ఎదురయ్యేది. దానికి వారు ‘సివిష్’ సంవత్సరం, అంటే జారిపోయిన సంవత్సరం అని పేరు పెట్టినారు. చివరకు 1840లో ఆర్థిక వ్యవహారాలకు మార్చితో మొదలయ్యే సౌరసంవత్సరాన్ని స్థిరపరచినారు. ఆ ఆర్థిక శాఖ పేరు మాలియె. తెలంగాణ పల్లెలో శిస్తు వ్యవహారం చూసిన ‘మాలీ పటేల్’ పేరులో ఉన్నది అదే ‘మాల్’, అరబ్బీలో ధనం. ఇస్తాంబులు ఖజానాకు, కథలాపూర్ చావడికి మధ్య చుట్టరికం అంత దగ్గరది.

మొగలు రాజ్యంలో ఈ పని అక్బరు చేసినాడు. ఆయన సింహాసనమెక్కినది 1556 ఫిబ్రవరిలో. అప్పుడు హిజ్రీ 963 నడుస్తున్నది. ఆ 963 అంకెను అట్లాగే ఉంచి, అక్కడ నుంచి మాత్రం సౌరమానంలో ముందుకు లెక్కించే పంటల శకం అమలులోకి వచ్చింది. అదే ఫసలీ. అక్బరు కొలువులో 1584లో ఇలాహీ పంచాంగాన్ని తయారుచేసినవాడు ఫతహుల్లా షీరాజీ. ఆయన అంతకుముందు బిజాపూరు ఆదిల్‌షాహీల ఆశ్రయంలో ఉన్న విద్వాంసుడు. దక్కను నుంచి ఉత్తరానికి పోయినవాడు.

తరువాత షాజహాను 1636లో దక్కనులో ఫసలీని ప్రవేశపెట్టినాడు. ఆ ఏడు హిజ్రీ 1046. ఉత్తరదేశపు ఫసలీ అంకెను తీసుకొనక, ఇక్కడ మళ్లీ హిజ్రీ అంకెనే తీసుకొని సౌరమానంలో నడిపించినారు. అప్పటికి ఉత్తరాన ఫసలీ 1043 మాత్రమే. ఆ మూడేళ్ల తేడా ఎక్కడిది? 1556 నుంచి 1636 వరకు సూర్యుడు 80 ఏళ్లు నడిస్తే చంద్రుడు 82 ఏళ్లు దాటి నడిచినాడు. పాత శిలలో జంతువు అచ్చు నిలిచిపోయినట్లు, సూర్యచంద్రుల ఆ 80 ఏళ్ల పందెం ఈ రెండు అంకెల నడుమ నిలిచిపోయింది. నేటికీ ఉత్తర ఫసలీకి 593, దక్కను ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తు సంవత్సరం వచ్చును. 2025 జూలైలో మొదలైనది ఫసలీ 1435. అప్పటికి హిజ్రీ 1447. 1636లో సమానంగా బయలుదేరిన అంకెలు పన్నెండు ఏళ్లు ఎడమయినవి.

ఇంతవరకు సులభమే. కాని సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందన్న విషయంలో ప్రభుత్వాలు ఏకీభవించలేదు. మరాఠీ జిల్లాలలో సూర్యుడు మృగశిరలో ప్రవేశించే జూన్ మొదటివారంతో ఫసలీ మొదలయ్యేది. మద్రాసు రాజధానిలో కర్కాటక సంక్రాంతిని అనుసరించిన ఫసలీని ఇంగ్లీషువారు 1855లో జూలై 1కి మార్చినారు. కోస్తా, రాయలసీమ జిల్లాల ఫసలీ ఇదే. నైజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరు మొదటివారంలో పుట్టేది. నెలల పేర్లు ఇరాను సౌరమాసాలవి. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్ అని మొదలై మెహర్, ఆబాన్‌తో ముగిసేవి. అయితే ఇరానులో నెలల వరుస మార్చి 21న ఫర్వర్దీన్‌తో మొదలవుతుంది, ఆజర్ అక్కడ నవంబరు చివర వచ్చును. హైదరాబాదు ఆజూర్ అక్టోబరులోనే వచ్చేది. పేరు ఒకటే, కాలం నెలన్నర తేడా. ఇరాను క్యాలెండరు పట్టిక చూసి తెలంగాణ కాగితపు తేదీని మార్చబోతే తప్పుతుంది.

దీనికంటె ముఖ్యమైన చిక్కు మరొకటి ఉన్నది. 1949 ఆగస్టు 15వ తేదీని ఉదాహరణగా తీసుకొందాం. హైదరాబాదు రాజ్యంలో జాగీర్లను రద్దుచేసిన శాసనం ఆ తేదీన వచ్చింది. దాని పేరులో ‘1358 ఫసలీ’ అని ఉన్నది. 1949 నుంచి 590 తీసివేస్తే 1359 రావలె. శాసనంలో తప్పు లేదు. జూలై 1న కొత్త ఫసలీ మొదలయ్యే రాజమండ్రిలో ఆనాడు 1359. అక్టోబరు వరకు పాత ఫసలీ నడిచే కోరుట్లలో ఇంకా 1358. అక్టోబరు నుంచి జూన్ వరకు రెండు చోట్లా అంకె ఒకటే. జూలై నుంచి అక్టోబరు మొదటివారం దాకా మాత్రం ఒక ఏడు తేడా. అందుచేత పాత తెలంగాణ కాగితంలో ఆజూర్, దై, బహమన్ నెలలు ఉంటే ఫసలీకి 590 కలపవలె. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా ఉంటే 591 కలపవలె. డిసెంబరు, జనవరి బహమన్ నెలలో కలుస్తవి గనుక ఆ నెల చివరి రోజులను మాత్రం జాగ్రత్తగా చూడవలె. ఇద్దరు అన్నదమ్ముల కాగితాలలో ఏది ముందు, ఏది వెనుక అన్న తగవులో ఈ ఒక్క సంవత్సరమే పొలాన్ని ఇటో అటో చేయగలదు.

1317 ఫసలీ నాటి భూమి రెవెన్యూ చట్టం, అంటే 1907–08 నాటిది, మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో వచ్చింది. రాజ్యం పోయింది, రాష్ట్రాల పేర్లు మారినవి, 1984లో పటేల్–పట్వారీ పద్ధతి పోయింది, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినవి, 2016లో కథలాపూర్ మండలం కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల జిల్లాలోకి మారింది. చట్టం పేరులో 1317 ఫసలీ మాత్రం అట్లాగే మిగిలింది.

రైతుకు ఈ శకంతో పని ఎంత? శిస్తు కట్టేంత వరకే. వ్యవసాయానికి అతని దగ్గర అంతకంటె మంచి సౌరపంచాంగం ముందునుంచీ ఉన్నది. అవి కార్తెలు. సూర్యుడు 27 నక్షత్రాలలో ఒక్కొక్క దానిని దాటడానికి 13, 14 రోజులు పట్టును. అదే ఒక కార్తె. నెలలు, తిథులు చంద్రునివి అయినా విత్తడం, నాటడం మాత్రం కార్తెలను బట్టే. ఇది శుద్ధ సౌరమానం, చదువు రాని రైతు వేళ్ల మీద లెక్కించుకొనేది. ఏటా జూన్ 7, 8 తేదీలలో మృగశిర వస్తే తెలంగాణ పల్లెలలో మిరుగమంటారు. ఆనాడు చేపలు వండుకొని, ఏరువాకకు నాగళ్లు సిద్ధం చేసేవారు. అక్బరు పండితులు శ్రమపడి సాధించిన సౌరగణన ఇక్కడ పొలం గట్టు మీద అప్పటికే ఉన్నది.

పంటల పేర్లలోను ఈ రెండు చూపుల తేడా కనిపిస్తుంది. ఖరీఫ్, రబీ అనే అరబ్బీ మాటలకు వరుసగా శరత్తు, వసంతం అని అర్థం. జూన్, జూలైలలో వేసిన పంటను శరత్తు అని ఎందుకన్నారు? అది కోతకు వచ్చేది శరత్తులో గనుక. చలికాలంలో వేసిన పంట వసంతంలో కోతకు వచ్చును గనుక రబీ. శిస్తు వసూలు చేసేవాడికి కావలసింది కోతకాలం. ఆ పేర్లు అతడు పెట్టినవి. కథలాపూర్ రైతు జూన్‌లో వేసేదాన్ని వానాకాలం పంట అంటాడు. విత్తనం పడిన నాటి ఆకాశమే ఆ పేరు. రెండవది యాసంగి. నైజాం రెవెన్యూ లెక్కలలో తరిభూమికి ఆబీ, తాబీ అని మరో జంట ఉండేది. ఆబీలోని ‘ఆబ్’ పారశీకంలో నీరు. కోస్తాలో ఇంటికి చేరిన పంటను మాసూలు అంటారు. అది అరబ్బీ మహసూల్. తురుష్కులకు మహసూల్ అంటే పంట, ఉర్దూలో పన్ను. కోస్తా రైతు తురుష్కులతో ఏకీభవించినాడు, తెలంగాణ కచేరీ ఉర్దూతో.

ఇటీవలి సంవత్సరాలలో తెలంగాణ వ్యవసాయశాఖ కాగితాలలో ఖరీఫ్, రబీలకు బదులు వానాకాలం, యాసంగి అన్న పేర్లే వస్తున్నవి. 2016లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన పంటల బీమా పథకం పేరులో మాత్రం ‘ఫసల్’ మళ్లీ పల్లెకు వచ్చింది, ఈసారి శకంగా కాక, పంటగా.